లక్షా మూడు ముక్కల గోడ

మా టైల్స్ ఫ్యాక్టరీ చైర్మన్ గారికి ఒక సంఖ్య మీద మనసైంది. లక్షా మూడు. మనుషుల మీద మనసైతే కొన్నాళ్ళకి తగ్గుతుంది. సంఖ్య మీద అయితే తగ్గదని మాకు అప్పుడే తెలిసింది.

కంపెనీ టైల్స్ లక్ష ఇళ్ళకి చేరాయని సేల్స్ వాళ్ళు చెప్పారు. నిజంగా చేరాయో లేదో చెప్పినవాళ్ళకీ పట్టలేదు, విన్నవాళ్ళకీ పట్టలేదు. లక్ష ఇళ్ళకి లక్ష ముక్కలు. ఆ పైన మూడు ముక్కలు చైర్మన్ గారి వంశానికి: కంపెనీ పెట్టిన వాళ్ళ నాన్నగారికి ఒకటి, తనకి ఒకటి, తన కొడుక్కి ఒకటి. అన్నీ అంగుళం ముక్కలే. లక్ష నీలం రంగువి, మూడు బంగారు రంగువి. వీటన్నిటితో ఆఫీసు ఎదురుగా మొజాయిక్ గోడ లేవాలి. వరసలన్నీ ఒకే పొడుగు ఉండాలి, నాలుగు మూలలూ తిన్నగా రావాలి. ఒక్క ముక్క కోయకూడదు, ఒక్క ముక్క మిగలకూడదు.

"కోసిన ముక్క ఎవరి ఇల్లవుతుంది? ఎవరి వంశమవుతుంది?" అని చైర్మన్ గారు స్టేజీ మీద అడిగారు. కింద ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇత్తడి పలక మీద 'లక్షా మూడు' అని పోత పోయించారు. ముక్కలు బట్టీలోంచి వచ్చాక ముగ్గురి చేత విడివిడిగా లెక్కపెట్టించారు. లెక్క కుదిరింది. వెంటనే కెమెరాల ముందు అచ్చుని సుత్తితో పగలగొట్టారు. ఇక ఇలాంటి ముక్క లోకంలో పుట్టకూడదట. సుత్తి ఎత్తిన ఫొటో ఇప్పటికీ రిసెప్షన్‌లో వేలాడుతోంది.

ఇంత హడావుడిలోనూ ఆ ముక్కలతో అలాంటి గోడ అసలు వస్తుందా అని అడగడానికి ఒక్కరికీ తీరిక దొరకలేదు.

గోడ వేసే పని మా మామయ్యది. మా అమ్మకి తమ్ముడు. ఫ్యాక్టరీలో అందరూ మేస్త్రి అంటారు. జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరాడు, ఇప్పుడు మోకాళ్ళు కూడా తెల్లబడినట్టే నడుస్తాడు. నేను అదే ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్‌లో టైల్ అంచులు కొలుస్తాను. గణితంలో డిగ్రీ చేశాను. మా ఇంట్లో డిగ్రీ అనేది ఎలా ఉంటుందో మొదట నా పట్టా చూసే తెలుసుకున్నారు. దాన్ని ఫ్రేము కట్టించి గోడకి మేకు కొట్టింది మామయ్యే. ఆ ఒక్క మేకుకీ లెవెల్ ట్యూబు పెట్టి చూశాడు.

ఏ పనైనా గోడకి ఎక్కించే ముందు నేల మీద పేర్చి చూసుకోవడం మామయ్య పద్ధతి. గోదాం ఖాళీ చేయించి, దారం లాగి, మూలమట్టం పెట్టి, పాకుతూ పేర్చాడు. వరసకి నాలుగొందల చొప్పున రెండొందల యాభై వరసలు వచ్చాయి. చక్కని గోడే. దాని పక్కన మూడు ముక్కలు మిగిలాయి. అన్నీ తీసి మళ్ళీ పేర్చాడు. మళ్ళీ మిగిలాయి, ఈసారి ఇంకా ఎక్కువ.

అప్పుడు జీఎం గారు వచ్చారు. వెనకాల డిజైన్ కన్సల్టెంటు. ఆయన్ని మేము పాయింట్ సార్ అంటాం. టీ ఎన్ని కప్పులు కావాలో కూడా దశాంశ పాయింటు పెట్టి చెప్పగలడు.

నేను ఆ పక్కనే పెట్టెలు పరీక్ష చేస్తున్నాను. మాటలన్నీ వినిపించాయి.

"ఏంటి మేస్త్రీ, మిగిలాయట?"

"మిగిలాయండి. నాలుగొందల చొప్పున పేరిస్తే మూడు మిగిలాయి."

"మూడొందల చొప్పున పేర్చకపోయావా?"

"పేర్చానండి. నూట మూడు మిగిలాయి. అటు మూడొందల పదహారు, ఇటు మూడొందల పదహారు వేసి చూశా. నూట నలభై ఏడు."

"నీ చేతికి ఎప్పుడూ ఏదో ఒకటి మిగుల్తూనే ఉంటుందే!"

పాయింట్ సార్ లాప్‌టాప్ తెరిచాడు. "ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతం ఏంటండీ. సాఫ్ట్‌వేర్ ఎప్పుడో తేల్చేసింది. వరసకి మూడొందల పదహారు పాయింట్ రెండు మూడు రెండు అయిదు. అటూ అంతే, ఇటూ అంతే."

మామయ్య చేతిలో ఉన్న ముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పాయింట్ తర్వాతది ఏ ముక్కండి?"

"అది కంప్యూటర్ చూసుకుంటుంది."

"పేర్చేది నేను కదండీ. కోసుకోమంటారా?"

"కోయకూడదని చైర్మన్ గారు చెప్పలేదూ?"

"మరెట్లా?"

"అడ్జస్ట్ చెయ్."

ఆ ఒక్క మాట చెప్పడానికి ఆయన్ని పక్క ఊరి నుంచి కారులో తీసుకొస్తారు.

పాయింట్ సార్ ఫోను వచ్చి బయటికెళ్ళగానే జీఎం గారు గొంతు తగ్గించారు. "చూడు. మూడు నీలం ముక్కలు జేబులో వేసుకో. మిగతావి సరిగ్గా లక్షవుతాయి. గోడ వచ్చేస్తుంది. ఎవడు లెక్కపెట్టొచ్చాడు?"

"చైర్మన్ గారి తమ్ముడు లెక్కపెట్టిస్తాడండి."

చైర్మన్ గారికి ఒక తమ్ముడు ఉన్నాడు, ఆ తమ్ముడికి ఒక కొడుకు. ఇద్దర్నీ వాటా లేకుండా బయటికి పంపేశారు. ఆ తమ్ముడు ఊరి అవతలి కొసన వేరే ఫ్యాక్టరీ పెట్టుకుని, అన్న ఎక్కడ జారిపడతాడా అని చూస్తున్నాడు. గోడ మీద మూడు ముక్కలు తక్కువైతే పేపర్లో వేయించకుండా ఊరుకునే మనిషి కాదు.

"రేపు తక్కువని తేలితే మీరందరూ నా జేబే చూపిస్తారు. నా వల్ల కాదండి," అన్నాడు మామయ్య.

"అయితే ఇది కూడా విను. శనివారం చైర్మన్ గారు చూడ్డానికొస్తున్నారు. అప్పటికి గోడ రూపం రాలేదా, ముక్కలు నువ్వే కొట్టేశావు, అందుకే కుదరట్లేదు అని రాసి బయటికి పంపిస్తా. ఆ తర్వాత ఈ ఊళ్ళో నీ చేత బాత్రూం టైలు కూడా ఎవరూ వేయించుకోరు."

మామయ్య తాపీ తీసి శుభ్రంగా ఉన్నదాన్నే మళ్ళీ తుడిచాడు.

ఆ సాయంత్రం మా ఇంటికొచ్చాడు. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఒకటే గోడ. వెనకాలే అత్తయ్య వచ్చింది. అత్తయ్య బట్టలు కుడుతుంది.

"అమ్మడూ, నువ్వు చదివిన లెక్కల్లో ఇలాంటిది ఏమన్నా ఉందా?" అని అడిగాడు, గోడ మీద పట్టా వైపు చూస్తూ. "నేనెక్కడో పొరపాటు చేస్తున్నానేమోనే. మోకాళ్ళు ఇక పాకలేనంటున్నాయి."

"అత్తయ్యా, నీ గుండీల డబ్బా ఒకసారి ఇస్తావా?"

డబ్బా వచ్చింది. నేల మీద పన్నెండు గుండీలు పోశాను. "గోడ వెయ్యి మామయ్యా."

మూడేసి చొప్పున నాలుగు వరసలు పెట్టాడు. ఇంకోలా పెట్టమంటే ఆరేసి చొప్పున రెండు పెట్టాడు. అప్పుడు ఇంకో గుండీ ఇచ్చాను. "ఇప్పుడు వెయ్యి."

నాలుగేసి పెట్టాడు, ఒకటి మిగిలింది. అయిదేసి పెట్టాడు, మూడు మిగిలాయి. ఆరేసి, మళ్ళీ ఒకటి. కాసేపు గెడ్డం గీరుకుని, పదమూడింటినీ ఒకే వరసలో గుమ్మం దాకా పేర్చాడు. "ఇదొక్కటే వస్తోంది. కానీ ఇది గోడ కాదుగా, గీత."

"కొన్ని సంఖ్యలు అంతే. ప్రధాన సంఖ్యలంటారు. గీత తప్ప ఇంకే రూపానికీ లొంగవు. నీ లక్షా మూడు కూడా అలాంటిదేనేమో చూడాలి."

"పోవే," అంది అత్తయ్య. "పదమూడంటే చిన్నది. అంత పెద్దది ఎక్కడో ఓ చోట తెగకుండా ఉంటుందా? పెద్ద తాను ఇస్తే ఎటు కత్తిరించినా చొక్కా వస్తుంది."

"గుడ్డ కాదత్తయ్యా, సంఖ్య. పెద్దదైనంత మాత్రాన మెత్తబడదు."

పాత క్యాలెండరు కాగితం తిరగేసి మొదలుపెట్టాను. గోడకి పొడుగూ ఎత్తూ రెండూ మూడొందల పదహారు దాటితే ముక్కలు లక్షా మూడుకి మించిపోతాయి. కాబట్టి ఏదో ఒక వైపు మూడొందల పదహారో, అంతకన్నా తక్కువో ఉండి తీరాలి. ఆ లోపల అన్ని సంఖ్యలతోనూ భాగించక్కర్లేదు. రెండుతో తెగనిది ఆరుతో ఎలాగూ తెగదు. ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. అవి అరవై అయిదు. అరవై అయిదు భాగహారాలు చేసే ఓపిక ఆఫీసులో ఒక్కరికి ఉన్నా మామయ్య మోకాళ్ళు బతికేవి.

మూడుతో ఒకటి మిగిలింది. ఏడుతోనూ ఒకటి మిగిలింది. "అయ్యో, ఒక్కటే!" అన్నాడు మామయ్య. ఇరవై మూడు దగ్గర ఒకే ఒక్క ముక్క తక్కువైంది. ఆయన చెయ్యి తెలీకుండానే గుండీల డబ్బాలోకి వెళ్ళింది. అలా ఆశపెట్టి, ఏడిపించి, చివరి మూడొందల పదమూడు దగ్గర నూట యాభై ఆరు మిగిల్చి, లక్షా మూడు దేనికీ తెగకుండా నిలబడింది. నేను చదివిన కాలేజీలో లెక్కల సార్లకి కూడా అంత పట్టుదల ఉండేది కాదు.

"అంటే నా చేతి తప్పు కాదన్నమాట," అన్నాడు మామయ్య.

"నీ చేతి తప్పు కాదు. ముక్కలూ తగ్గలేదు. ఒక్కటి తగ్గినా, ఒక్కటి పెరిగినా ఇంత మొండికెయ్యదు."

"మరి వాళ్ళకి ఎవరు చెప్తారు?"

అత్తయ్య నా వైపు చూసింది. పట్టా వైపు కూడా చూసింది.

లక్షా మూడుని అంకెల్లో రాస్తే ఒకటికీ మూడుకీ మధ్య నాలుగు సున్నాలుంటాయి. శనివారం గోదాంలో ఆ నాలుగూ కుర్చీలేసుకుని కూర్చున్నాయి: జీఎం గారు, పాయింట్ సార్, సేల్స్ హెడ్డు, హెచ్ఆర్ ఆవిడ. ముందు కుర్చీలో చైర్మన్ గారు. నేల మీద నీలం గోడ, దాని పక్కన మూడు బంగారు ముక్కలు, ఆ పక్కన చేతులు కట్టుకుని మామయ్య, మామయ్య పక్కన నేను.

"ఎవరీ అమ్మాయి?"

"క్వాలిటీలో చేస్తుందండి. మేస్త్రి మేనకోడలు," అన్నారు జీఎం గారు.

"ఓహో, మామని వెనకేసుకురావడానికి వచ్చిందా?"

"లెక్క చెప్పడానికొచ్చాను సార్. లక్షా మూడు ముక్కలతో ఈ గోడ రాదు."

"ఎవరు రానివ్వట్లేదు?"

"ఎవరూ కాదు సార్. సంఖ్యే."

"మన సంఖ్య మన మాట వినదా?" అన్నారు చైర్మన్ గారు. నాలుగు కుర్చీలూ నవ్వాయి.

అరవై అయిదు భాగహారాల సంగతి చెప్పాను. గుండీల సంగతీ చెప్పాను. సేల్స్ హెడ్డు మధ్యలో చెయ్యెత్తాడు. "అమ్మా, మా టార్గెట్లు కూడా ముందు కుదరవంటారు. నెలాఖరుకి కుదిరిపోతాయి."

"మీవి కుదిరేది కాగితం మీద సార్. ఇవి నేల మీద కుదరాలి."

"ఇది నెగటివ్ ఆలోచన," అంది హెచ్ఆర్ ఆవిడ, ఎవరి వైపూ చూడకుండా.

పాయింట్ సార్ లేచి లాప్‌టాప్‌ని చైర్మన్ గారి వైపు తిప్పాడు. "సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంది సార్. తెర మీద చదరం వచ్చింది కూడా. లోపం పేర్పులో ఉంది."

"అయితే మీరే పేర్చండి సార్," అన్నాను. "ముక్కలు ఇవిగో. దారం ఇదిగో. మా మామయ్య మీకు మోకాళ్ళ కింద వేసుకునే గోనె కూడా ఇస్తాడు. మొదటి వరసలో మూడొందల పదహారు పెట్టాక ఆ పాయింట్ రెండు మూడు రెండు అయిదు ఎక్కడుందో చూపించండి."

పాయింట్ సార్ తన ప్యాంటు మడత వైపు చూసుకుని కూర్చున్నాడు.

చైర్మన్ గారికి అప్పుడు కొంచెం అనుమానం తగిలింది. "పోనీ, ఏం చేస్తే వస్తుంది?"

దీనికి జవాబు కూడా లెక్కేసుకునే వచ్చాను. "ఇంకో రెండు కలపండి సార్. లక్షా అయిదు అవుతుంది. వరసకి మూడొందల ముప్ఫై తొమ్మిది, రెండొందల తొంభై అయిదు వరసలు. ఒక్కటి మిగలదు, ఒక్కటి కోయక్కర్లేదు. అచ్చు మళ్ళీ చేయించుకుంటే సరి."

"ఆ రెండూ ఎవరి పేరు మీద?"

జీఎం గారు నేల వైపు చూశారు. వంశంలో లెక్కకి రాకుండా పోయినవాళ్ళు సరిగ్గా ఇద్దరే అని నాకు అప్పుడు తట్టింది. తమ్ముడు, తమ్ముడి కొడుకు. చైర్మన్ గారి మెడ ఎర్రబడింది.

"మీకు తోచినవాళ్ళ పేరు మీద సార్," అన్నాను.

"నీ చేత ఎవడు చెప్పిస్తున్నాడో నాకు తెలీదనుకోకు. సంఖ్య మారదు." ఆయన జీఎం గారి వైపు తిరిగారు. "మేస్త్రిని మార్చండి."

మామయ్య ముప్పావు జీవితం ఆ మాటతో అయిపోయింది. మామయ్య వంగి తన దారపు ఉండ తీసుకున్నాడు. దాన్ని చుట్టుకోవడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండింది.

"మార్చుకోండి సార్. పది మంది మేస్త్రుల్ని మార్చుకోండి. ఎవరొచ్చినా ఈ ముక్కలకి ఒక్కటే దారి. ఒకే వరస. రెండున్నర కిలోమీటర్ల పొడుగు, అంగుళం ఎత్తు. అంత గీత గీసుకోవడానికి మీకు చోటుందేమో చూసుకోండి."

వెటకారంగానే అన్నాను. ఎవరికైనా వెటకారంగానే వినిపించాలి. కానీ చైర్మన్ గారు కుర్చీలో ముందుకు జరిగారు.

"రెండున్నర కిలోమీటర్లా?"

"పైచిలుకు సార్."

"మన ప్రహరీ ఎంత?"

"మూడుకి కాస్త తక్కువండి," అన్నారు జీఎం గారు.

"ఇంత పొడుగు మొజాయిక్ ఇంకెవరికైనా ఉందా?" ఆయన లేచి నిలబడ్డారు. "నాన్నగారు మొదలుపెట్టిన గీత. ఫ్యాక్టరీ అంతా చుట్టి, చివర్లో మేము ముగ్గురం. బంగారంలా!"

"నేనూ అదే చెప్దామనుకుంటున్నాను సార్," అన్నాడు పాయింట్ సార్. అప్పటికే టైప్ చేస్తున్నాడు.

నేను నోరు తెరుచుకుని మామయ్య వైపు చూశాను. మామయ్య దారపు ఉండ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇదే సమయం అనిపించింది.

"సార్, ఒకే వరసంటే ఒక్క ముక్క పోయినా, పగిలినా గీత అబద్ధమైపోతుంది. అలాంటి పని చెయ్యగలిగింది మా మామయ్యే. కానీ ముక్కలు కొట్టేశాడని రాసి ఆయన్ని బయటికి పంపిస్తానని జీఎం గారు అన్నారు. అలాంటివాడి చేత ఎలా వేయిస్తారు?"

చైర్మన్ గారు జీఎం గారి వైపు చూశారు. "అన్నావా?"

"అబ్బే. కోపంలో ఏదో..."

"ముక్కలు సరిపోయాయా లేదా?"

"సరిపోయాయండి."

"ఆ మాట మేస్త్రికి చెప్పండి సార్," అన్నాను.

జీఎం గారు నీలం ముక్కల వైపు తిరిగి, వాటికే చెప్తున్నట్టు, "లెక్క సరిగ్గానే ఉందిలే మేస్త్రీ," అన్నారు. మామయ్య తలూపాడు. దారపు ఉండ సంచీలో వేయబోయి, మళ్ళీ కింద పెట్టాడు.

ఆ తర్వాతి వారం పని మొదలైంది. మొదటి రోజు పొద్దున్నే గేటు దగ్గర మామయ్య ప్రహరీ లోపలి వైపు, ఛాతీ ఎత్తున దారం కట్టి నన్ను పిలిచాడు.

"కుడి వైపు నుంచి పోనా, ఎడమ వైపు నుంచి పోనా? ఎవర్నడిగినా నీ ఇష్టం అంటున్నారు."

గేటుకి కుడి పక్క గెస్ట్ హౌస్, దాని పూలతోట. ఎడమ పక్క పాత బట్టీ, దాని వెనక మా కార్మికుల మరుగుదొడ్లు. ముందురోజే నేను టేపు పట్టుకుని ప్రహరీ అంతా కొలిచాను. ఎడమ నుంచి మొదలైతే గీత చుట్టూ తిరిగి వచ్చి గులాబీ మొక్కల మధ్య ఆగుతుంది. కుడి నుంచి మొదలైతే ఎక్కడ ఆగుతుందో కూడా చూసుకున్నాను. ఇంత పెద్ద ఆఫీసులో ఆ మాత్రం కొలవాలని ఎవరికీ తోచలేదు, నన్ను అడగాలనీ తోచలేదు.

"కుడి నుంచి మామయ్యా," అన్నాను.

మామయ్య ఒక్క ముక్క పగలగొట్టలేదు. మోకాళ్ళ మీద పాకే పని తప్పింది, నిలబడే వేశాడు. గేటు దగ్గర ఇత్తడి పలక బిగించి ఆవిష్కరణ చేశారు. పలక కింద 'రూపకల్పన' అని పాయింట్ సార్ పేరు ఉంది. వచ్చిన పెద్దమనుషులు మొదటి పాతిక గజాలు నడిచి, ఆహా అని, టీ తాగి వెళ్ళిపోయారు. కొస ఎక్కడుందో ఎవరూ చూడబోలేదు. అప్పటికి కొస ఇంకా పూర్తి కానూ లేదు.

చివరి మూడు ముక్కలు వేసే రోజు నన్ను రమ్మన్నాడు. మరుగుదొడ్ల గుమ్మం పక్కనే, చేతులు కడుక్కునే కుళాయికి కాస్త అవతల. చైర్మన్ గారి నాన్నగారు, చైర్మన్ గారు, కొడుకు. ముగ్గుర్నీ వరసగా సిమెంటు పాలలో కూర్చోబెట్టి, మూలమట్టం పెట్టి చూసి, వేలితో సున్నితంగా నొక్కాడు. ఇంటి గోడకి నా పట్టా తగిలించినప్పుడు ఎంత శ్రద్ధగా చూశాడో ఇప్పుడూ అంతే శ్రద్ధగా చూశాడు.

బట్టీ కార్మికుడొకడు లోపల్నుంచి బయటికొచ్చి, కుళాయి కట్టేసి, తడి చేతులు విదిలిస్తూ ఆగాడు.

"ఏంటి మేస్త్రీ, ఈ మూడూ పచ్చగా మెరుస్తున్నాయి?"

"వంశం," అన్నాడు మామయ్య, తాపీ తుడుచుకుంటూ. "చేతులు గోడకి తుడవకు. ఇంకా ఆరలేదు."